కోట బయటి చెవి

పలుకురాళ్ళ కోట మీదికి ఏడుసార్లు దండు వచ్చినా ఒక్కసారి కూడా సింహద్వారం దాటలేకపోయిందని గైడు కుళ్ళాయప్ప ముప్పై ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాడు. ఏనుగులు వచ్చి ఆగాయి, ఫిరంగులు వచ్చి ఆగాయి అంటాడు. ఎనిమిదోసారి ఆ ద్వారం దగ్గర ఆగిపోయింది శనగగింజంత చెవి మిషను. అది కుళ్ళాయప్పదే.

కోట అనంతపురం వైపు ఒక బోడికొండ మీద ఉంది. రాజుగారి పడకగది రాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది ఇళ్ళకు పునాదులయ్యాయి. మిగిలిందల్లా ఒక్క వింత. సింహద్వారం గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు మూడు వందల మెట్ల పైనున్న రాణి మండపంలో వినిపిస్తుంది. మధ్యలో నూటయాభయ్యో మెట్టు మీద కూర్చుని ఆయాసపడేవాడికి ఏమీ వినపడదు. పైన గైడు నిలబడతాడు. కింద ఎన్ని చప్పట్లు కొడితే అన్నిసార్లు ఎర్రగుడ్డ ఊపుతాడు. కిందవాళ్ళు తలెత్తి లెక్క సరిచూసుకుని, మురిసిపోయి, కొండెక్కే ఓపిక లేనివాళ్ళు అక్కణ్ణుంచే బస్సెక్కి వెళ్ళిపోతారు.

అందుచేత ఈ కోట గైడుకు నోరు కాస్త తక్కువైనా నడుస్తుంది గానీ చెవి తక్కువైతే నడవదు. ఏటా ఉగాది తర్వాత వచ్చే సోమవారం చప్పట్ల పరీక్ష పెడతారు. అధికారి కింద కొడతాడు, గైడు పైన విని గుడ్డ ఊపుతాడు. లెక్క కుదిరితే చొక్కాకు పెట్టుకునే ఇత్తడి బిళ్ళ మీద కొత్త సంవత్సరం అంకె చెక్కిస్తారు. తప్పితే బిళ్ళ విప్పించుకుని ఇంటికి పంపిస్తారు. కుళ్ళాయప్ప ముప్పై ఎనిమిది సార్లు నెగ్గాడు. బిళ్ళ మీద అంకెలకు చోటు చాలక వెనకవైపు కూడా చెక్కారు.

రెండేళ్ళుగా అతని చెవులు మందగిస్తూ వచ్చాయి. కుడిది పూర్తిగా పోయింది, ఎడమది పోతానంటూ గడప మీద నిలబడింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. తను ఒప్పుకుంటేనే కదా అది చెవుడయ్యేది. పైగా భార్య గంగులమ్మ ఈ మధ్య బాగా నెమ్మదైపోయిందని లోలోపల సంతోషించాడు. నర్సు ఉద్యోగం చేస్తున్న కూతురు శివలీల కనిపెట్టి చెవి మిషను తెచ్చి ఎడమ చెవిలో పెట్టాక తెలిసింది, గంగులమ్మ ఎక్కడా తగ్గలేదని. రెండేళ్ళ తిట్లు బకాయి లేకుండా తిట్టే ఉందట, ఇతనికే చేరలేదు.

మిషను పెట్టుకుని కోటకు వెళ్ళిన మొదటిరోజు, ఎవరో బడిపిల్లలు కింద మూడు చప్పట్లు కొట్టారు. రాణి మండపంలో నిలబడ్డ కుళ్ళాయప్పకు అవి మూడూ, ఎవరో భుజం తట్టి పిలిచినట్టు, దేనికది విడిగా వినిపించాయి. గుడ్డ ఊపడం మరిచిపోయి ఏడ్చాడు. సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఆ సుఖం సరిగ్గా ఎనిమిది రోజులు సాగింది. తొమ్మిదోరోజు కోటకు కొత్త సంరక్షణాధికారి వచ్చారు.

ఆయన పేరు మార్కండేయులు. వచ్చిన రోజే బీరువా సర్దించారు. బీరువా సర్దించిన అధికారి వల్ల ఏ ఆఫీసూ బాగుపడిన దాఖలా లేదు. అందులోంచి ‘కోట సంరక్షణ నియమావళి, 1957’ అనే పుస్తకం బయటపడింది. సగం చెదలు తినేశాయి. చెదలు తినగా మిగిలినదంతా చట్టమేనని ఆయన నమ్మకం. మరునాటికల్లా సింహద్వారం పక్కన బోర్డు లేచింది.

‘నిబంధన 14: బ్యాటరీ శక్తిచే నడుచుచు, శబ్దమును గ్రహించి వినువాని చెవికి చేర్చు యంత్రమేదియు, తపాలా శాఖ వారి రేడియో లైసెన్సు లేనిదే కోటలోనికి కొనిపోరాదు.’

ద్వారపాలకుడు, అంటే వాచ్‌మన్ హుసేనప్ప, ఆ బోర్డును మూడుసార్లు చదివి కుళ్ళాయప్ప చెవి వంక చూశాడు. ఇద్దరూ పాతికేళ్ళుగా ఒకే సద్దిమూట పంచుకు తిన్నవాళ్ళు.

“అన్నా, ఇది నీ చెవి గురించే రాసినట్టుండాది,” అన్నాడు.

“యాభైయేడులో నేను పుట్నేలేదప్పా. నా చెవి గురించి అప్పుడే ఎట్ల రాస్తారు?”

“అదే నాకూ తెల్డంలేదు. రోంత మిషను తీసి నా చేతికియ్యి. సారు కిటికీ అద్దంలోంచి చూస్తాండాడు.”

వాళ్ళు అలా మాట్లాడుకుంటుండగానే ఓ పెళ్ళిబృందం లోపలికి పోయింది. అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఒకదానిలో డప్పుపాట, ఒకదానిలో భక్తి పాట, ఒకదానిలో ఎవరో పెద్దాయన వీడియో కాల్‌లో నోరు తెరిచి ఆవలిస్తున్నాడు. కుళ్ళాయప్పకు ఒళ్ళు మండింది. నేరుగా ఆఫీసులోకి నడిచి అడిగేశాడు.

“సార్, అన్ని ఫోన్లు పోతాండాయి. నా చెవిలో గింజొకటే మీకు అడ్డమొచ్చెనా?”

మార్కండేయులు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన ఎవరినీ కసిరేవారు కారు. కసిరితే బాగుండేది.

“కుళ్ళాయప్ప గారూ, టెలిఫోను అనగా గోడకు బిగించి, తీగతో కలుపబడిన యంత్రమని నిబంధన తొమ్మిది నిర్వచించుచున్నది. వారి చేతులలోని వాటికి తీగ ఉన్నదా?”

“లేదు సార్.”

“కావున అవి టెలిఫోనులు కావు. కెమెరా అనగా లోపల ఫిల్ము చుట్ట గలది. వాటిలో ఫిల్ము ఉన్నదా?”

“లేదు.”

“కావున కెమెరాలును కావు. నియమావళి దృష్టిలో వారి చేతులలో ఏమియు లేదు. ఏమియు లేనిదానిని నేనెట్లు ఆపగలను? మీ యంత్రమో, నిబంధనలో వర్ణించినది వర్ణించినట్లు ఉన్నది. బ్యాటరీ ఉన్నది, శబ్దమును గ్రహించును, చెవికి చేర్చును. అరువది యేండ్ల క్రిందట మన పెద్దలు ఎంత ముందుచూపుతో వ్రాసిరో చూడుడు.”

 మిషను హుసేనప్ప చేతికిచ్చి రావడం వల్ల కుళ్ళాయప్పకు సగం మాటలే వినిపించాయి గానీ, ఆ సగమే చాలినంత ఉంది.

అయినా మార్కండేయులు దయగల మనిషి. దారి కూడా ఆయనే చూపించారు. బీరువాలోంచి పాత దరఖాస్తు ఫారం తీసి, దుమ్ము ఊది, స్వయంగా కలం పట్టుకుని కూర్చున్నారు. హుసేనప్ప మిషను తెచ్చి మళ్ళీ చెవిలో పెట్టాడు. ఆఫీసు గది ప్రహరీకి బయట ఉంది కాబట్టి అక్కడ పెట్టుకోవచ్చు.

“యంత్రము గ్రహించు స్టేషనులు?”

“ఇంటికాడ గంగులమ్మ, సార్. ఈడ మీరు.”

ఆయన ‘రెండు’ అని రాసుకున్నారు.

“ప్రసారముల వేళలు?”

“మీవి పదినుంచి ఐదు. ఆమెవి మిగిలిన టైమంతా.”

“కార్యక్రమములను ఆపుటకు మీట కలదా?”

“మీట ఉండాది గానీ సార్, ఆపినట్టు ఆయమ్మకు తెలిస్తే మల్లా మొదటినుంచీ వేస్తాది.”

“ఏరియల్ ఎత్తు?”

కుళ్ళాయప్ప కాసేపు ఆలోచించి తన ఎత్తు చెప్పాడు. ఐదడుగుల నాలుగంగుళాలు. మార్కండేయులు అది కూడా రాసి, ఫారం మీద స్టాంపు కొట్టి, ఇక పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు తెచ్చుకొమ్మన్నారు. చప్పట్ల పరీక్షకు ఇంకా పన్నెండు రోజులుంది.

పోస్టాఫీసులో శారదాంబ అనే పోస్టుమాస్టరమ్మ ఆ ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది.

“ఈ రేడియో లైసెన్సులు తీసేసి శానా యేండ్లయిందన్నా. మా నాయన కాలంలో ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు నేనే ఇయ్యాలన్నా పుస్తకం లేదు, ముద్ర లేదు.”

“అట్లయితే లేదని రాసియ్యి తల్లీ.”

ఆమె మంచి మనిషి. ‘ఇట్టి లైసెన్సు ఏదియు ప్రస్తుతం అమలులో లేదు’ అని తెల్లకాగితం మీద రాసి, తారీఖు ముద్ర కొట్టి ఇచ్చింది. కుళ్ళాయప్ప ఆ కాగితాన్ని చేతిరుమాల్లో మడిచి, గెలుపు పత్రంలా తెచ్చి అధికారి బల్ల మీద పరిచాడు.

మార్కండేయులు చదివి తల పంకించారు. “విచారకరము. మీ యంత్రమునకు లైసెన్సు లేదని తపాలా శాఖ వారే లిఖితపూర్వకముగా ధ్రువీకరించినారు. ఇంతవరకు అది అనుమానము మాత్రమే. ఇప్పుడు సాక్ష్యము.”

బయటికొచ్చాక హుసేనప్ప అన్నాడు. “నువ్వు గమ్మునుండక కాగితం యాలకు తెచ్చినావన్నా? ఆఫీసోళ్ళకు కాగితమిచ్చినావంటే కుక్కకు ఎముకేసినట్టే. వదల్రు.”

అయితే మార్కండేయులు నిజంగానే రెండు రోజులు నిద్రపోలేదు. ఒక పేద గైడుకు అన్యాయం జరగకూడదు, ఒక్క అక్షరం నిబంధన కూడా తప్పకూడదు. ఈ రెంటి మధ్య నలిగి నలిగి, మూడోరోజు పొద్దున మొహం వెలిగిపోతుండగా కుళ్ళాయప్పను పిలిపించారు.

“నిబంధన పదునాలుగు, యంత్రము కోటలోనికి పోరాదనుచున్నది. చెవి పోరాదని ఎచ్చటను లేదు. కోట సరిహద్దులను నిర్ణయించు అధికారము నిబంధన రెండు ప్రకారము నాకున్నది. కావున నేటినుండి మీ ఎడమ చెవిని కోట వెలుపలి భూభాగముగా ప్రకటించుచున్నాను.”

“నా చెవినా సార్?”

“అవును. యంత్రము ధరించినంతసేపు మీ చెవి ఎచ్చట ఉన్నను కోట బయటనే ఉన్నట్లు లెక్క. యంత్రము తీసిన మరుక్షణము చెవి స్వయముగా కోటలోనికి ప్రవేశించును. మిగిలిన శరీరమునకు ఏ ఇబ్బందియు లేదు.”

ఆయన ఉత్తర్వు టైపు చేయించి నోటీసు బోర్డుకు అంటించారు. కోట సరిహద్దును సున్నంతో గుర్తించాలని నిబంధన మూడు. కాబట్టి హుసేనప్ప డొక్కుచెంబులో సున్నం కలుపుకొచ్చి, కుళ్ళాయప్ప చెవి చుట్టూ తలవెంట్రుకల దాకా తెల్లగీత గీశాడు. గీసేటప్పుడు ఇద్దరూ నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు. చక్కిలిగింతలు పెట్టినందుకు కుళ్ళాయప్ప అతన్ని రెండు తిట్లు తిట్టాడు కూడా.

ఇంటికి పోతే గంగులమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. “ఏమయ్యా, మొగం సగానికి సున్నమేసుకోనొస్తివి. మిగతా సగం దసరాకేస్తారా?”

“ఇది సరిహద్దే. ఈ గీత లోపలుండేది కోట కాదు.”

“అయితే ఇంటిదా?”

“ఇంటిదీ కాదు. గవుర్మెంటు బయటిది.”

ఆమె కాసేపు అతని చెవి వంక చూసి, “అందుకే నేను చెప్పే మాట ఒగటీ నీకు పట్టదు,” అని లోపలికి వెళ్ళిపోయింది. కానీ రోజూ పొద్దున నూనె రాసేటప్పుడు ఆ గీత చెరిగిపోకుండా చుట్టూ జాగ్రత్తగా రాసేది. మొగుడి బిళ్ళ ఆ గీత మీద ఆధారపడి ఉందని ఆమెకు అర్థమైంది.

వారం రోజులు బాగానే గడిచాయి. సున్నం గీతతో, చెవి మిషనుతో కుళ్ళాయప్ప మెట్లెక్కాడు. చప్పట్లు విన్నాడు, గుడ్డ ఊపాడు. ఆ తెల్లగీత ఏమిటని అడిగినవాళ్ళకు ‘రాజులనాటి ఆచారం’ అని చెప్పాడు. ఇద్దరు ముగ్గురు దాన్ని ఫొటో తీసుకున్నారు కూడా, అంటే నియమావళి ప్రకారం ఏమీ తీసుకోలేదు.

పరీక్ష ముందురోజు, ఆదివారమైనా, మార్కండేయులు కబురు పంపారు. ఆయన మొహం దిగులుగా ఉంది.

“ఒక చిన్న చిక్కు వచ్చినది. గైడు కోట లోపల వినిన చప్పట్లే పరీక్షకు చెల్లునని నిబంధన ముప్పది. మీ చెవి బయట ఉన్నది. బయట వినిన చప్పట్లు లెక్కలోనికి రావు.”

“నేను పైనే ఉంటాను గదా సార్. రాణి మండపంలోనే.”

“మీరు ఉందురు. చెవి ఉండదు.”

“అయితే మిషను తీసేస్తే?”

“తీసిన చెవి లోపలికి వచ్చును. అప్పుడు వినినది చెల్లును.”

“అప్పుడు వినపడదు సార్.”

“అది వైద్యశాఖ పరిధిలోనిది,” అన్నారు మార్కండేయులు, నిజమైన బాధతో.

ఆ రోజు కుళ్ళాయప్ప అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి వదిలేశాడు. పరీక్ష తప్పితే జీతం పోవడం ఒకటే కాదు. బిళ్ళ లేని మనిషిని గైడు పని మీద మెట్లెక్కనివ్వరు. ముప్పై ఎనిమిదేళ్ళు పైనుంచి కిందికి గుడ్డ ఊపినవాడు, ఇక కింద నిలబడి పైకి చూడాలి. అతనికి భయమేసింది. ఆ మాట గంగులమ్మతో చెప్పాడు కూడా. ఆమె ఆ పూట తిట్టలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

సోమవారం పొద్దున మిషను హుసేనప్ప జేబులో పెట్టి కుళ్ళాయప్ప మెట్లెక్కాడు. పైన సాక్షిగా ఉండమని అధికారి హుసేనప్పను కూడా పంపబోయి, అతని జేబులో మిషను ఉందని గుర్తొచ్చి, దాన్ని కింద ఆఫీసులో తాళం వేయించి మరీ పంపారు. మార్కండేయులు ఇస్త్రీ చొక్కాతో, చేతులు కడుక్కుని గుమ్మటం కింద నిలబడ్డారు. చేతుల్లో స్టాప్‌వాచీ ఒకటి, నియమావళి ఒకటి ఉండడంతో చప్పట్లు కొట్టడానికి వాటిని ముందు బల్ల మీద పెట్టాల్సి వచ్చింది.

పైన కుళ్ళాయప్పకు ప్రపంచమంతా నీళ్ళలో మునిగినట్టుంది. కింద గుమ్మటం నీడలో ఆయన చేతులు కదలడం అంత దూరానికి కనపడదు. ఎప్పుడు కొడతారో తెలియదు. కళ్ళు మూసుకుంటే ఏమైనా తగులుతుందేమోనని మూసుకున్నాడు. ఏమీ తగల్లేదు. ఓడిపోయాననుకుని కళ్ళు తెరిచాడు.

అప్పుడే మండపం చూరులోని పావురాలన్నీ ఒక్కసారి రెక్కలు కొట్టుకుని లేచిపోయాయి.

ఒకటి మాత్రం లేవలేదు. దానికి ఒక కాలు కుంటి, ఒక రెక్క సరిగ్గా లేవదు. చూరు గూట్లోనే ఉంటుంది, హుసేనప్ప దాన్ని కుంటోడు అంటాడు. మిగతావి ఎగిరిపోతే అది ఎగరలేక, అదిరిపడి, మెడ ఒక్కసారి పైకి లాగి కిందికి దించింది. ఒక క్షణం ఆగి మళ్ళీ లాగింది. మళ్ళీ. మళ్ళీ. మళ్ళీ. మొదటిసారి రెక్కల గోలలో ఒకటి, తర్వాత నాలుగు. మొత్తం ఐదు. తర్వాత కుదురుగా కూర్చుని కన్ను మూసుకుంది.

కుళ్ళాయప్ప ఎర్రగుడ్డ ఐదుసార్లు ఊపాడు.

కింద మార్కండేయులు కాగితం మీద టిక్కు పెట్టారు. రెండోసారి తొమ్మిది కొట్టారు. పైన గుడ్డ తొమ్మిదిసార్లు ఊగింది. మూడోసారి, మోసపోకూడదని, రెండు కొట్టి, ముక్కు చీదుకుని, ఇంకొకటి కొట్టారు. కుంటోడు రెండుసార్లు అదిరి, కాసేపాగి ఒకసారి అదిరింది. గుడ్డ కూడా రెండుసార్లు ఊగి, కాసేపాగి ఒకసారి ఊగింది. పక్కనే ఉన్న హుసేనప్ప ఏం జరుగుతోందో అర్థంకాక కుళ్ళాయప్ప కాళ్ళు మొక్కుదామా అనుకున్నాడు.

కుళ్ళాయప్ప నెగ్గాడు. నెగ్గినందుకే పట్టుబడ్డాడు.

“యంత్రము లేనిదే మీకు వినపడదని నిన్న మీరే చెప్పితిరి,” అన్నారు మార్కండేయులు, రొప్పుతూ మెట్లెక్కి వచ్చి. “నేడు సరిగా వినిరి. అనగా రెండవ యంత్రమేదో రహస్యముగా లోనికి తెచ్చితిరి. ఓడిన బిళ్ళ పోవును. గెలిచిన పోలీసు కేసగును.”

హుసేనప్ప చేత కుళ్ళాయప్ప చెవులు టార్చి వేసి వెతికించారు. తలపాగా విప్పించారు. చెప్పుల అడుగులు తట్టి చూశారు. ఏమీ దొరక్కపోవడంతో ఆయనకు అనుమానం ఇంకా బలపడింది. దొరకనంత బాగా దాచినవాడు మామూలువాడు కాడు కదా.

ఇక దాచి లాభం లేదని కుళ్ళాయప్ప చూరులోకి చెయ్యి చూపించాడు. “నేనేం యినలేదు సార్. ఇనింది అది. అది మెడ ఎగరేసినప్పుడల్లా నేను గుడ్డ ఊపినా. అంతే.”

మార్కండేయులు మూడు వందల మెట్లు దిగి కింద ఏడు చప్పట్లు కొట్టి, మూడు వందల మెట్లెక్కి వచ్చి హుసేనప్పను అడిగారు. కుంటోడు ఏడుసార్లు మెడ ఎగరేసిందని అతను అల్లామీద ఒట్టు పెట్టి చెప్పాడు. మళ్ళీ దిగారు. పదకొండు కొట్టారు. మళ్ళీ ఎక్కారు. పదకొండు. మూడోసారి దిగే ఓపిక లేక రాతిబెంచీ మీద కూర్చుని నియమావళి తెరిచారు. కుళ్ళాయప్పకు ఆయన మీద జాలేసి మంచినీళ్ళిచ్చాడు.

చాలాసేపు పేజీలు తిప్పాక ఆయన లేచి నిలబడ్డారు.

“నిబంధన ముప్పది ఒకటి. క్రింద కొట్టిన చప్పట్లను కోట లోపల, యంత్ర సహాయము లేకుండ, సరిగా వినినవారికి బిళ్ళ ఇయ్యవలెను. వినినవారు మనుష్యులే కావలెనని ఎచ్చటను లేదు. ఉండవచ్చునేమో, ఆ పేజీని చెదలు తినినవి.”

కుంటోడికి బిళ్ళ మంజూరైంది. గైడు అర్హతల పట్టిక ఒక్కొక్కటే చూశారు. స్థానికుడై ఉండాలి: కోటలోనే పుట్టింది. నేరచరిత్ర ఉండరాదు: లేదు. బ్యాటరీ వాడరాదు: వాడదు. సందర్శకులతో మర్యాదగా ఉండాలి: ఇంతవరకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు, రెట్ట సంగతి వేరు. ముప్పై ఎనిమిదేళ్ళ అంకెలున్న ఇత్తడి బిళ్ళను కుళ్ళాయప్ప చొక్కా నుంచి విప్పి, చూరు గూటికి మేకు కొట్టి వేలాడదీశారు. కుళ్ళాయప్పను ‘గైడు గారి ధ్వని వివరణ సహాయకుడు’గా నియమించారు. గైడు మెడ ఎన్నిసార్లు ఎగరేస్తే అన్నిసార్లు గుడ్డ ఊపే పని. సహాయకుడికి పరీక్ష లేదు గనుక మిషను పెట్టుకుని చెవిని బయట ఉంచుకోవచ్చు.

బిళ్ళ లేని చొక్కా జేబు దగ్గర రెండు చిల్లులు మిగిలాయి. గంగులమ్మ వాటిని కుడతానంటే వద్దన్నాడు.

అసలు అవమానం మర్నాడు జరిగింది. కింద ఎవరో టీచర్లు ఎనిమిది చప్పట్లు కొట్టారు. కుళ్ళాయప్పకు మిషనులోంచి ఎనిమిదీ గంట కొట్టినట్టు వినిపించాయి. కానీ గైడు గారు మధ్యాహ్నం మేత తిని కునుకుతున్నారు. ఆరుసార్లే మెడ ఎగరేశారు. పక్కనే హుసేనప్ప రికార్డు పుస్తకంతో నిలబడ్డాడు.

“ఎనిమిదప్పా. నా చెవితో ఇన్నా.”

“నీ చెవి బయటుండాదన్నా. సారు చెప్పినాడు, గైడు మాట మీద సహాయకుడు మాట్లాడగూడదంట.”

కుళ్ళాయప్ప ఆరుసార్లే ఊపాడు. కిందనుంచి టీచర్లు ‘ముసిలాయనకు చెవుడేమో’ అనుకోవడం మిషనులో ఎంతో స్పష్టంగా వినిపించింది. జీవితంలో అతనికి ఇంత బాగా ఏదీ వినపడలేదు. మిషను పీకి కొండ కిందికి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. కూతురు మొహం గుర్తొచ్చి ఆగాడు.

ఇలా రెండు నెలలు గడిచాయి. గైడు గారు తప్పు లెక్కలు చెప్పడం, సహాయకుడు అవే ఊపడం, ఊళ్ళో కోట పరువు పోవడం రోజూ జరిగేది. మార్కండేయులుకు మాత్రం ఫైలు సవ్యంగా ఉంది.

జ్యేష్ఠమాసంలో ఒకరోజు హుసేనప్ప మెట్ల మీదనుంచి ఉరికి దిగి ఆఫీసులోకి వచ్చాడు. “సార్, కుంటోడు గుడ్లు పెట్టినాడు. రెండు.”

మార్కండేయులు లేచి నిలబడ్డారు. గైడు మగవాడని ఆయన రికార్డులో రాసి ఉంది. ముందు అది దిద్దారు. తర్వాత నియమావళి తెరిచారు. స్త్రీ ఉద్యోగికి ప్రసూతి సమయంలో ఆరు నెలల సెలవు ఇయ్యవలెనని నిబంధన నలభై. గూట్లో పొదుగుతున్న ఉద్యోగిని చేత పని చేయించడం చట్టవిరుద్ధం. తక్షణమే సెలవు మంజూరు చేసి, ఉత్తర్వు పట్టుకుని రాణి మండపానికి ఎక్కి వచ్చారు. ఆ సెలవు కాలంలో గైడు స్థానం ఖాళీగా ఉండకూడదు. కాబట్టి అక్కడున్నవారిలో సీనియరు ఇన్‌ఛార్జిగా ఉంటాడు. ఇన్‌ఛార్జికి పరీక్షలు, అర్హతలు వర్తించవు. ఇది 1957లోనూ ఉంది, అంతకు ముందూ ఉంది, బహుశా కోట కట్టిన రాజుగారి కాలంలోనూ ఉండి ఉంటుంది.

“అనగా కుళ్ళాయప్ప గారూ, ఆరు మాసములు బిళ్ళ మీరే ధరింతురు. పరీక్ష లేదు. చెవి బయటనే ఉండవచ్చును.”

“ఆరు నెలలైనాక, సార్?”

“గైడు గారు విధులలో చేరుదురు. మరల ప్రసూతి అయినచో మరల సెలవు.”

“ఎన్నిసార్లయినా ఇస్తారా?”

మార్కండేయులు పేజీ తిప్పి చూశారు. “ఇద్దరు పిల్లలకే పరిమితము అను నిబంధన తరువాత కాలములో వచ్చినది. మన నియమావళి అంతకు ముందుది. ఇందులో సంఖ్య లేదు.”

 కుళ్ళాయప్ప బిళ్ళను గూటి మేకు నుంచి తీసి, తుడిచి, జేబు దగ్గర మిగిలిన ఆ రెండు చిల్లుల్లోనే గుచ్చుకున్నాడు. కిందినుంచి ఎవరో నాలుగు చప్పట్లు కొట్టారు. విన్నాడు. నాలుగుసార్లు ఊపాడు. కింద కేరింతలు లేచాయి.

ఆ సాయంత్రం గంగులమ్మ చేత కొంగునిండా జొన్నలు తెప్పించి, గూడు ముందు ఒక పళ్ళెంలో పోసి, గట్టిగా పలకకుండా అన్నాడు.

“తిను మేడమ్, బాగా తిను. డ్యూటీకేం తొందర్లేదు. ఈ పిల్లోళ్ళు ఎగిరినాక ఇంగో రెండు పెట్టు.”